ప్రాణాంతక అంటురోగం సోకిన మనవాళ్లను స్వదేశానికి తేవాలా?

కొవిడ్ వ్యాప్తిని ఆపడానికి 2020 జనవరి 23న చైనా ప్రభుత్వం వుహాన్ నగరాన్ని మూసేసింది. అప్పుడు ఆ ఊళ్లో చిక్కుకుపోయిన భారతీయుల్లో 58 మంది తెలుగు ఇంజినీర్లు ఉన్నారు. అప్పట్లో తిరుపతి దగ్గర ఫ్యాక్టరీ పెడుతున్న చైనా కంపెనీ టీసీఎల్ గ్రూపు వారిని ఉద్యోగాల్లోకి తీసుకుని, శిక్షణ కోసం అక్కడికి పంపింది. జనవరి 31 రాత్రి ఎయిరిండియా మొదటి విమానం 324 మందితో బయల్దేరింది. మర్నాడు రెండోది 323 మంది భారతీయులను, ఏడుగురు మాల్దీవుల వారిని తెచ్చింది. మన ఇంజినీర్లలో దాదాపు అందరూ ఇంటిదారి పట్టారు. ఒంట్లో వేడి కాస్త ఎక్కువగా ఉందని ఒక యువతిని విమానం ఎక్కనివ్వలేదు. ఆమె ఫిబ్రవరి 27న, మందులు దింపి తిరిగి వస్తున్న వాయుసేన సీ-17 విమానంలో వచ్చింది.

ఆ నాలుగు వారాలూ తిరుపతిలో రెండు మాటలు వినిపించాయి. 'పాపం, ఆడపిల్ల, ఎలాగైనా తీసుకురండి' అన్నది ఒకటి. 'జబ్బున్న మనిషిని తెచ్చి ఊరందరి మీదికి వదులుతారా' అన్నది రెండోది. చాలాసార్లు రెండూ ఒకే మనిషి నోట వచ్చేవి. బిడ్డ మనదన్నప్పుడు జాలి ముందుకొస్తుంది, జబ్బు మన వీధి దాకా వస్తుందనిపిస్తే భయం ముందుకొస్తుంది. ఆ రెండింటినీ తప్పు పట్టలేం. కానీ ఆ యువతికి నిజంగానే వైరస్ సోకి ఉంటే ఏం చేయాలన్న ప్రశ్నకు జాలీ భయమూ జవాబు చెప్పలేవు. రోగం ఎలా పాకుతుంది, ఇంతకుముందు తెచ్చినచోట ఏం జరిగింది, తప్పు ఎక్కడ దొర్లింది అన్నవి చూడాలి.

ముందుగా ఒక సంగతి స్పష్టం చేసుకోవాలి. 2020 తొలి నెలల్లో మన ప్రభుత్వం విమానాలు పంపి తెచ్చింది జబ్బు లేనివారిని. జపాన్‌లో యొకొహామా రేవులో నిలిచిపోయిన డైమండ్ ప్రిన్సెస్ ఓడ నుంచి 119 మంది భారతీయులను తీసుకొచ్చారు. వైరస్ సోకిన 16 మందికి జపాన్ ఆసుపత్రుల్లోనే వైద్యం జరిగింది. ఇరాన్‌లో 255 మంది భారతీయులకు సోకిందని ఆ మార్చిలో కేంద్రం లోక్‌సభకు తెలిపింది. అక్కడికి మన శాస్త్రవేత్తలు వెళ్లి పరీక్షలు చేశారు. సోకనివారు విమానం ఎక్కారు, సోకినవారు అక్కడే ఉండిపోయారు. అదే ఓడ విషయంలో అమెరికా దారి వేరు. తన పౌరులను మూడు వందల మందికి పైగా విమానాశ్రయానికి తరలిస్తుండగా, వారిలో 14 మందికి వైరస్ ఉన్నట్లు ఫలితాలు వచ్చాయి. వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ వారిని ఎక్కించవద్దంది. విదేశాంగ శాఖ వినలేదు. విమానంలో ఒక భాగాన్ని వేరుచేసి, మిగతావారితో పాటే తెచ్చింది. దారి మధ్యలో తీసుకున్న ఆ నిర్ణయాన్ని మనం ఆదర్శంగా తీసుకోలేం. రోగిని తెచ్చే పనికి ఏర్పాటు ముందే ఉండాలి.

ఏర్పాటు ఉంటే ఏం జరుగుతుందో తెలియాలంటే 2014 ఆగస్టుకు వెళ్లాలి. పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా చెలరేగుతోంది. చివరికి ఆ మహమ్మారి 28,600 మందికి పైగా సోకి, 11,300 మందికి పైగా ప్రాణాలు తీసింది. లైబీరియా రాజధాని మన్రోవియాలో రోగులకు సేవ చేస్తున్న ఇద్దరు అమెరికన్లకు, డాక్టర్ కెంట్ బ్రాంట్లీకి, నాన్సీ రైట్‌బోల్‌కు, ఆ జబ్బు అంటుకుంది. వారిని అట్లాంటాలోని ఎమొరీ విశ్వవిద్యాలయ ఆసుపత్రికి తేవాలని నిర్ణయించగానే దేశమంతా గగ్గోలు పుట్టింది. అప్పటికి వ్యాపారిగానే ఉన్న డొనాల్డ్ ట్రంప్ కూడా వారిని రానివ్వవద్దని బహిరంగంగా పట్టుబట్టారు.

వారిని తెచ్చిన చిన్న జెట్ విమానం లోపల ఒక ప్లాస్టిక్ గుడారం ఉంది. అందులోని గాలి బయటికి రాకుండా పీడనం తగ్గించి ఉంచుతారు. అందులో పట్టేది ఒక్క రోగే. అందుకే బ్రాంట్లీ ఆగస్టు 2న, రైట్‌బోల్ 5న చేరారు. ఎమొరీలో వారి కోసం ఎదురుచూస్తున్న వార్డు అప్పటికప్పుడు కట్టింది కాదు. పక్కనే ఉన్న సీడీసీ సిబ్బందికి ప్రయోగశాలలోనో విదేశాల్లోనో ఇలాంటి రోగం సోకితే చూసుకోవడానికి పన్నెండేళ్ల ముందే సిద్ధం చేసి పెట్టుకున్నారు. అంతకాలం ఆ వార్డుకు పెద్దగా పని పడలేదు. అయినా సిబ్బంది ఏటా సాధన మానలేదు. ఆగస్టు మూడో వారంలో ఇద్దరూ కోలుకుని ఇళ్లకు వెళ్లారు. వారికి సేవ చేసినవారిలో ఒక్కరికీ జబ్బు అంటలేదు.

అక్కడ ఎదురైన అసలు చిక్కులు మాత్రం ఎవరూ ఊహించనివి. ఎబోలా రోగికి రోజుకు కొన్ని లీటర్ల విరేచనాలు, వాంతులు అవుతాయి. వాడి పారేసిన గౌన్లు, పరుపు గుడ్డలు, గొట్టాలు కలిపి ఒక దశలో రోజుకు 40 సంచుల వ్యర్థాలు పోగయ్యాయి. వాటిని తీసుకెళ్లే కంపెనీ రానంది. ఆసుపత్రి సొంతంగా ఆవిరితో శుద్ధి చేసే యంత్రాన్ని తెచ్చుకోవాల్సి వచ్చింది. మురుగునీటి కనెక్షన్ కోసేస్తామని స్థానిక అధికారులు బెదిరించారు. రక్త నమూనాలను నాలుగడుగుల దూరంలో ఉన్న సీడీసీకి చేరవేయడానికి కొరియర్లు ఒప్పుకోలేదు. ఈ వివరాలు నాకు చాలా ముఖ్యంగా కనిపిస్తాయి. రోగిని తేవాలా వద్దా అని వాదించేటప్పుడు అందరి కళ్లూ విమానం మీదే ఉంటాయి. ఆ రోగి వాడిన గుడ్డను ఎవరు ఎత్తుతారు, ఎక్కడ కాలుస్తారు అని అడిగేవారు కనిపించరు.

అదే ఏడాది అమెరికాలోనే డాలస్‌లో జరిగింది చూడండి. థామస్ ఎరిక్ డంకన్ లైబీరియా పౌరుడు. మామూలు విమానంలో, మామూలు సీట్లో కూర్చుని సెప్టెంబరు 20న దిగాడు. మన్రోవియాలో విమానం ఎక్కేటప్పుడు జ్వరం చూశారు, లేదు. అయిదు రోజులకు జ్వరంతో ఆసుపత్రికి వెళ్తే యాంటీబయాటిక్స్ ఇచ్చి పంపేశారు. ఆఫ్రికా నుంచి వచ్చానని అతను చెప్పిన మాట నర్సు రాసుకుంది, కానీ దాని మీద ఎవరూ కదల్లేదు. 28న అంబులెన్సులో మళ్లీ వచ్చాడు. అక్టోబరు 8న చనిపోయాడు. అతనికి సేవ చేసిన ఇద్దరు నర్సులకు ఎబోలా సోకింది. అదృష్టవశాత్తు ఇద్దరూ బతికారు. తెలిసి, పట్టుబట్టి తెచ్చిన రోగుల నుంచి ఎవరికీ అంటని జబ్బు, తెలియకుండా తనంతట తాను వచ్చిన రోగి నుంచి ఇద్దరికి అంటింది.

అలాగని తెలిసి తెస్తే చాలు, అంతా క్షేమమే అనుకోవడానికీ వీల్లేదు. స్పెయిన్ ఇద్దరు మతగురువులను వరుసగా ఆగస్టులో, సెప్టెంబరులో మాడ్రిడ్‌కు తెచ్చింది. ఇద్దరూ కొద్దిరోజులకే మరణించారు. వారిని చూసుకున్న నర్సింగ్ సహాయకురాలు తెరెసా రొమెరోకు వైరస్ సోకింది. ఆ మహమ్మారిలో ఆఫ్రికా బయట ఎబోలా అంటుకున్న తొలి మనిషి ఆమే. వారిని ఉంచిన ఆసుపత్రిలో అంటువ్యాధుల విభాగాన్ని ఖర్చు తగ్గించే పేరుతో అప్పటికే విప్పదీస్తున్నారు. మతగురువు వస్తున్నాడని తెలిశాక హడావిడిగా మళ్లీ తెరిచారు. రక్షణ దుస్తులు విప్పేటప్పుడు గ్లవ్ ముఖానికి తగిలి ఉండవచ్చని ఆమె తర్వాత గుర్తు చేసుకుంది. జ్వరం వచ్చిందని ఫోన్ చేస్తే, నిబంధనల్లో రాసినంత ఎక్కువగా లేదని చాలా రోజులు పట్టించుకోలేదు. ఆమె కోలుకుంది.

ఆ దుస్తులు విప్పడమనేది దగ్గర నుంచి చూస్తే తప్ప అర్థం కాదు. తొడుక్కున్నప్పుడు మనిషి తాజాగా ఉంటాడు, జాగ్రత్తగా ఉంటాడు. రెండు మూడు గంటల తర్వాత చెమటతో తడిసి, కళ్లద్దాలు మసకబారి, ఎప్పుడు గాలి పీల్చుకుందామా అనే స్థితిలో విప్పాలి. వైరస్ ఉండేది అప్పుడే, బట్ట పైభాగం మీద. అందుకే సరిగ్గా నడిచే వార్డుల్లో రెండో మనిషి ఎదురుగా నిలబడి ఒక్కో మెట్టూ బిగ్గరగా చదువుతాడు. చేతి తొడుగుల మీదే మందు రాసుకోమంటాడు, గౌను లోపలి వైపు బయటికి వచ్చేలా చుట్టమంటాడు, కళ్లద్దాలు వెనక నుంచి తీయమంటాడు. ఒక మెట్టు తప్పితే ఆగమంటాడు. 2018లో కోళికోడ్‌లో నిఫా సోకినవారిలో ఎక్కువమందికి అది ఆసుపత్రుల్లోనే అంటింది. 2011లో గుజరాత్‌లో క్రిమియన్-కాంగో జ్వరం బయటపడినప్పుడు తొలి రోగితో పాటు ఆమెకు వైద్యం చేసిన డాక్టరు, నర్సు కూడా పోయారు. ఆ రెండు రోగాలనూ ఎవరూ విమానంలో తేలేదు. ప్రమాదమెప్పుడూ సిద్ధంగా లేని ఆసుపత్రి గుమ్మం దగ్గరే కాచుకుని ఉంది.

రోగం స్వభావాన్ని బట్టి లెక్క మారుతుంది. ఎబోలా గాలిలో తేలి వచ్చేది కాదు. లక్షణాలు కనిపించేదాకా రోగి నుంచి ఇతరులకు అంటదు. రక్తం, వాంతి, విరేచనం, చెమట లాంటివి తాకితే అంటుతుంది. సోకిన 2 నుంచి 21 రోజుల్లో బయటపడుతుంది. కాబట్టి ఒక్క రోగిని కట్టుదిట్టంగా తేవడం సాధ్యమే. కొవిడ్ అలా కాదు. జ్వరం రాకముందే, అసలు ఏ లక్షణమూ లేకుండానే పాకుతుంది. విమానాశ్రయంలో నుదుటికి థర్మామీటరు చూపించి పంపడం దాన్ని ఆపలేదు. అలాంటి రోగం వేలమందికి సోకినప్పుడు రోగులందరినీ విమానాల్లో తేవడం కంటే ఇరాన్‌లో చేసినట్లు పరీక్షల్నీ వైద్యుల్నీ అక్కడికే పంపడం మేలైన పని. దాన్ని నేను నిర్దయ అనను. అయితే 'అక్కడే చూసుకుంటారు' అన్న మాట తర్వాత అక్కడ నిజంగా ఎవరైనా చూసుకున్నారా అని ప్రభుత్వం జవాబు చెప్పాలి.

తెచ్చినవారి వల్ల వచ్చిన ముప్పెంత, తమంతట తాము వచ్చినవారి వల్ల వచ్చిన ముప్పెంత అని పోల్చి చూడటానికి మన దగ్గరే రుజువు ఉంది. వుహాన్ నుంచి ఆ రెండు ఎయిరిండియా విమానాల్లో వచ్చినవారిని మానేసర్‌లోని సైనిక కేంద్రంలో, ఢిల్లీ ఛావ్లాలోని సరిహద్దు పోలీసు దళం ఐటీబీపీ శిబిరంలో రెండు వారాలు ఉంచారు. ఒక్కరికీ వైరస్ తేలలేదు. దేశంలో తొలి మూడు కేసులు కేరళ విద్యార్థులవి. వారు వుహాన్ నుంచి అంతకుముందే మామూలు విమానాల్లో వచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో తొలి కేసు మార్చి 12న నెల్లూరులో బయటపడింది. ఆ యువకుడు ఇటలీ నుంచి ప్రయాణికుల విమానంలోనే వచ్చాడు. ఇందులో ఆ విద్యార్థుల తప్పు ఏమీ లేదు. తలుపుకు తాళం వేశామని నిశ్చింతగా ఉంటూ పెరటి వాకిలి తెరిచిపెట్టినట్లు, అందరి కళ్లూ తెచ్చేవారి మీదే ఉండగా రోగం రోజువారీ విమానాల్లో దిగిపోయింది.

ఇక హక్కు సంగతి. విదేశాలకు వెళ్లే స్వేచ్ఛ రాజ్యాంగంలోని 21వ అధికరణం కిందికి వస్తుందని 1978లో మేనకా గాంధీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో మనదేశం 1979లో చేరింది. సొంత దేశంలోకి ప్రవేశించే హక్కును ఎవరి నుంచీ ఇష్టారాజ్యంగా తీసేయకూడదని దాని 12వ అధికరణం అంటుంది. అయినా భయం ముదిరితే ఇవన్నీ ఎంత పలుచబడతాయో 2021 మేలో ఆస్ట్రేలియా చూపించింది. మనదేశంలో రెండో అల ఉధృతంగా ఉన్నప్పుడు, ఇక్కడి నుంచి వచ్చే తన సొంత పౌరులకే అయిదేళ్ల దాకా జైలు అని ఉత్తర్వు ఇచ్చింది. అది రెండు వారాలు కూడా నడవలేదు, కానీ కోర్టు దాన్ని కొట్టేయలేదు. నా అభిప్రాయంలో ప్రభుత్వం ఎప్పుడు తేవాలి, ఎలా తేవాలి, ఎన్నాళ్లు వేరుగా ఉంచాలి అన్నవి నిర్ణయించవచ్చు. అసలు రావద్దు అనే అధికారం దానికి లేదు. పాస్‌పోర్టు మీద అశోక స్తంభం ముద్ర వేసి ఇచ్చిన రాజ్యం ఆ మనిషికి జబ్బు చేయగానే ముఖం తిప్పుకోకూడదు.

సరిహద్దు అన్నది దేశాల మధ్యే ఉంటుందనుకోకండి. 2020 ఏప్రిల్‌లో వెల్లూరు జిల్లా అధికారులు చిత్తూరు జిల్లాకు వచ్చే రెండు రోడ్లకు అడ్డంగా ఇటుకలతో గోడలు కట్టించారు. విమర్శలు రావడంతో కూల్చేశారు. తమిళనాడులో వైద్యానికి, పాలకు, పెళ్లిళ్లకు రోజూ దాటే దారులవి. అదే నెలలో చెన్నైలో చనిపోయిన నెల్లూరు డాక్టరు అంత్యక్రియలను అంబత్తూరులో స్థానికులు అడ్డుకున్నారు. రోగులకు వైద్యం చేస్తూ జబ్బు తెచ్చుకున్న మనిషి ఆయన. 2021 మేలో ఆంధ్ర నుంచి హైదరాబాద్ వెళ్లే అంబులెన్సులను తెలంగాణ పోలీసులు సరిహద్దులో ఆపేస్తే హైకోర్టు జోక్యం చేసుకోవాల్సి వచ్చింది. తిరుపతిలో మాత్రం ఆ రోజుల్లోనే ముస్లిం యువకులు ముందుకొచ్చి, అన్ని మతాల వారి మృతదేహాలకూ అంత్యక్రియలు చేశారు. అప్పటి ఎమ్మెల్యే భూమన కరుణాకరరెడ్డి వారితో కలిసి స్వయంగా పాల్గొని, జాగ్రత్తలతో చేస్తే కొవిడ్ శవం నుంచి జబ్బు రాదని చూపించారు. భయాన్ని తగ్గించడంలో ఎన్ని ప్రకటనలూ దానికి సాటి రాలేదు.

ఈ ప్రాంతానికి అంటురోగులను అక్కున చేర్చుకున్న చరిత్ర అంతకంటే పాతది. మందు లేని రోజుల్లో క్షయ అంటే చావే. అప్పటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె దగ్గర 1915లో ఆరోగ్యవరం శానటోరియం మొదలైంది. డెన్మార్క్ డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ దాన్ని నడిపారు. దక్షిణాది నలుమూలల నుంచి రైళ్లలో రోగులు వచ్చేవారు. దేశంలో బీసీజీ టీకాలు 1948లో మొదలైంది కూడా మదనపల్లెలోనే. ఆ తర్వాత 1950ల చివర్లో మద్రాసులో జరిగిన పరిశోధన మరో భయాన్ని తీసేసింది. మందులు సరిగా వాడుతూ ఇంట్లోనే ఉన్న క్షయ రోగుల వల్ల కుటుంబానికి, శానటోరియంలో ఉంచిన రోగుల కుటుంబాల కంటే ఎక్కువ ముప్పేమీ లేదని తేలింది. ఎదురుగా ఉండి మందులు మింగించే డాట్స్ చికిత్సకు అదే పునాది.

క్షయ మాట ఎందుకు తెచ్చానంటే, మన జిల్లాల వాళ్లకు ఈ ప్రశ్న ఎక్కువగా ఎదురయ్యేది ఎబోలా రూపంలో కాదు. కువైట్‌కో సౌదీకో డ్రైవరుగా, ఇంటిపనికి వెళ్లిన మనిషికి అక్కడి వైద్య పరీక్షలో క్షయ ఉన్నట్లు తేలితే గల్ఫ్ దేశాల్లో చాలాచోట్ల నివాస అనుమతి దక్కదు, తిప్పి పంపేస్తారు. మామూలు విమానంలో దిగి, అప్పు తీరక, జబ్బు సంగతి చెబితే ఊళ్లో చులకనవుతామని దాచుకుని ఇంటికి చేరతారు. అలాంటివారి వివరాలు విమానాశ్రయం నుంచి నేరుగా జిల్లా క్షయ విభాగానికి అందితే, మందు మొదటి వారంలోనే మొదలవుతుంది. రోగి బతుకుతాడు, పిల్లలకు అంటదు. స్వదేశానికి తెచ్చి వైద్యం చేయడమంటే ఇదీ అందులో భాగమే.

ఇంకో అన్యాయాన్ని దాటవేయలేను. ఎబోలా సమయంలో అమెరికా, యూరప్‌లలో వైద్యం అందిన 27 మందిలో 5 మందే చనిపోయారు. పశ్చిమ ఆఫ్రికాలో నమోదైన లెక్కల ప్రకారమే పదిమందిలో నలుగురు పోయారు. తేడా చాలావరకు సెలైన్, పొటాషియం లాంటి లవణాలు, డయాలసిస్, పక్కన నిలబడే నర్సుల వల్ల వచ్చింది. సియెరా లియోన్ డాక్టర్ ఒలివెట్ బక్‌కు జబ్బు సోకినప్పుడు ఆమెను జర్మనీకి పంపాలని ఆమె ప్రభుత్వం అడిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఖర్చు భరించలేమంది. 2014 సెప్టెంబరులో ఆమె మరణించింది. పక్క మంచంలో అదే జబ్బుతో ఉన్న విదేశీ డాక్టరు కోసం విమానం వస్తుంది, స్థానిక డాక్టరు కోసం రాదు. మన నర్సులు, డాక్టర్లు ఆఫ్రికాలోనూ పనిచేస్తున్నారు. వాళ్లకు ఏ పక్షం దక్కుతుందన్నది మనం ఇక్కడ ఏం సిద్ధం చేసుకున్నామన్న దాని మీద ఉంటుంది.

మరి తిరుపతి సంగతేమిటి? విమానం ఇబ్బంది ఇప్పుడు చిన్నదైంది. 2020లో మన వాయుసేన అంటురోగిని వేరుగా ఉంచి విమానంలో తరలించే 'అర్పిత్' అనే పెట్టెను రూ.60 వేల ఖర్చుతో తయారు చేసుకుంది. దిగుమతి చేసుకుంటే రూ.60 లక్షల దాకా అయ్యేది. ఇక్కడ స్విమ్స్ ఆసుపత్రి ఉంది, వైరస్ పరీక్షల ల్యాబ్ ఉంది. కొవిడ్ కాలంలో తిరుచానూరు పద్మావతి నిలయం లాంటి వసతి గృహాలను క్వారంటైన్‌కు వాడుకున్న అనుభవం ఉంది. అయినా 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఏం జరిగిందో ఎవరం మరిచిపోలేం. ఆక్సిజన్ ట్యాంకర్ ఆలస్యమై, పీడనం పడిపోయి, అధికారిక లెక్క ప్రకారమే 11 మంది కన్నుమూశారు. పరికరాలున్నా, డాక్టర్లున్నా, ఒక ట్యాంకరు రాకపోవడం వల్ల జరిగింది అది. రేపు రేణిగుంట విమానాశ్రయంలో నిఫా రోగినో ఎబోలా రోగినో దించే ఆలోచన ఎవరైనా చేస్తే నేను మొదట అడిగేది ఆ గొలుసు గురించే. అంబులెన్సు డ్రైవరుకు దుస్తులు విప్పడం వచ్చా? గాలి బయటికి రానివ్వని నెగటివ్ ప్రెషర్ గది ఉందని కాగితం మీద రాశారా, ఈ నెలలో పనిచేస్తుందో లేదో చూశారా? వ్యర్థాలు తీసుకెళ్లే సంస్థ ముందే ఒప్పుకుందా? సాధన చివరిసారి ఎప్పుడు చేశారు? వీటికి జవాబు లేకపోతే అంతవరకూ రోగిని పుణె, ఢిల్లీ లాంటి చోట సిద్ధంగా ఉన్న వార్డుకు తీసుకెళ్లడమే న్యాయం. రోగి సొంత ఊరికే రావాలన్న నియమం ఏదీ లేదు. సొంత దేశానికి రాగలిగితే చాలు.

ఆ వార్డులో నేల తుడిచేది, సంచులు మూసేది ఎక్కువగా కాంట్రాక్టు కార్మికులు. 2020 మార్చిలో కొవిడ్ విధుల్లో ప్రాణాలు కోల్పోయే ఆరోగ్య సిబ్బందికి రూ.50 లక్షల బీమా ప్రకటించారు, కాంట్రాక్టు సిబ్బందిని కూడా చేర్చారు. మంచి పని. కానీ అది ఆ ఒక్క రోగానికి, రోగం వచ్చి మీద పడ్డాక ఇచ్చిన హామీ. ఏ ప్రాణాంతక అంటురోగానికైనా వర్తించే శాశ్వత బీమా, ఆ వార్డులో పనిచేయడానికి ముందే అడిగి తీసుకునే ఇష్టపూర్వక అంగీకారం, డాక్టరుతో సమానమైన శిక్షణ ఆ కార్మికుడికి కాగితం మీద రాసి ఇవ్వాలి. విమానానికి అనుమతి ఇచ్చే ఫైలులోనే ఆ కాగితం కూడా ఉండాలి.